గ్లాసు అడుగున చుక్క

ఆఖరి గుక్క మింగి గ్లాసు దించబోతున్న హజరత్తయ్యకు అడుగున ఎర్రచుక్క కనబడింది. అంతే, నోట్లో బల్లి పడ్డట్టు బెంచీ మీంచి లేచి, రోడ్డు వారకు ఉరికి, గొంతులోకి వేలు దోపి డోకడం మొదలుపెట్టాడు.

వెంకటాచలం రోడ్డు మీద గంగాధరం టీ అంగడిలో ఎర్రచుక్క గ్లాసులు దిగువపాళెం వాళ్లవి. అంటరానితనం పాటిస్తే జైలని చట్టం వచ్చాక, వాళ్లకు టీ పోసే టెంకాయ చిప్పలు పారేసి అందరికీ గాజుగ్లాసులే పెట్టిన ధర్మాత్ముడు గంగాధరం. కాకపోతే వాళ్ల గ్లాసుల అడుగున బయటివైపు రంగుచుక్క పెట్టుకున్నాడు. చట్టానికి కళ్లున్నాయి గానీ గ్లాసులు తిరగేసి చూసే ఓపిక ఎక్కడిది?

డోకు ఆగాక హజరత్తయ్య ఒక్కటే మాట చెప్పాడు.

"ఈ స్థలం నాది గంగాధరా. ఇది మళ్లా జరక్కుండా నీ బిడ్డకు బుద్ధి చెప్పుకో. లేదంటే పొద్దుగూకే లోపల నీ పాక పీకిస్తా."

గంగాధరం ఆ గ్లాసును చచ్చిన ఎలకను తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి కూతుర్ని పిలిచాడు. తను పాలకు పోయినప్పుడు టీ అందించింది ఎనిమిదేళ్ల కామాక్షే.

"దీంట్లో ఎందుకిచ్చినావే?"

"ఇస్తే ఏం నాయనా?"

గంగాధరం ఓరగా చూశాడు. అవతల కల్వర్టు మీద పాళెం బడి అయ్యవారు క్రీస్తుదాసు టీ తాగుతూ ఇటే చెవి పెట్టి ఉన్నాడు. అర్జీలు రాయడంలో గట్టివాడు. నిజం చెబితే జైలు, చెప్పకపోతే పాక. గొంతు తగ్గించి ఒక కథ అల్లాడు. కావలిలో ఒకడు ఇట్లాంటి గ్లాసులోనే టీ తాగితే, వాడి నాలుక గుమ్మడికాయంత ఉబ్బి, నోట్లో పట్టక, కండువాలాగా భుజాన వేసుకుని తిరిగాడట.

కామాక్షి కళ్లార్పకుండా విన్నది. "మరి అయ్యవారి నాలుక ఉబ్బలేదే?"

"వాళ్లకు అలవాటు."

"మనం కూడా అలవాటు చేసుకుంటే?"

గంగాధరం మళ్లీ కల్వర్టు వైపు ఓరగా చూశాడు. వాళ్ల ఎంగిలి అంటుకుంటుందని గొణిగాడు. కడుగుతాం గదా అంది పిల్ల. కడిగినా పోదన్నాడు.

"అన్నీ ఒకే తొట్టి నీళ్లలో గదా నాయనా కడిగేది?"

ఆ తొట్టి వైపు చూడడానికి గంగాధరానికి ధైర్యం చాలలేదు. పిల్ల ఇంకేదో చెప్పబోతే నెత్తిన ఒక మొట్టికాయ వేసి నోరు మూయించాడు.

ఈలోగా హజరత్తయ్య మూడు చెంబుల నీళ్లు పుక్కిలించి వచ్చి కూర్చున్నాడు. గంగాధరం గంపలో ఒక్కో గ్లాసూ తిరగేసి చూసి, చుక్క లేనిదాన్ని ఏరి, చిక్కటి టీ పోసి రెండు చేతులా అందించాడు. పెద్దాయన లొట్టలేస్తూ తాగాడు. ఖాళీ అయ్యాక అడుగు చూసుకున్నాడు. ముఖం విప్పారింది.

"చూసినావా పాపా, మన గ్లాసులో తాగితే పానానికి ఎంత హాయిగా ఉండాదో. ఆ తేడా గొంతుకే తెలస్తాది."

పాక నిలబడింది. గంగాధరం ఊపిరి పీల్చుకుని, ఇప్పుడన్నా అర్థమైందా అన్నట్టు కూతురి వైపు చూశాడు.

కామాక్షి నెత్తి రుద్దుకుంటూ అంది:

"చుక్కలు మాసిపోయినాయి, మళ్లా పెట్టమని పొద్దున నువ్వే గదా నాయనా చెప్పినావు. అయ్యవారోళ్లు కిరస్తానీలు, బొట్టు పెట్టుకోరు గదా. అందుకని వాళ్ల గ్లాసుల మీద మిగిలింది గూడా గీకేసి, మనవాటికే పెట్టినా."