మైనస్ పద్దెనిమిది

ఇలా దగ్గరికి జరగండి. ఆ గుసగుసలు ఆపండి. ముక్కు మూసుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడే మూసుకోండి. ఎందుకంటే ఈ కథంతా కుళ్లిన చేపల మధ్య జరిగింది.

అదొక చేపల కోల్డ్ స్టోరేజీ. ఓ రోజు లోపల చల్లదనం ఆగిపోయింది. ఆగినట్టు ఎవరికీ తెలియలేదు. మూడో రోజు తలుపు తీస్తే, కంపు ముందు బయటికొచ్చింది, తలుపు తర్వాత తెరుచుకుంది.

ఆ కంపు అలాంటిలాంటిది కాదు. ఈగలు గుమ్మం దాకా వచ్చి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని, వెనక్కి వెళ్లిపోయాయి. వీధి చివర ఒకాయనకి నెల్లాళ్ల జలుబు ఒక్క పీల్పుతో వదిలింది. సరుకంతా పారబోసి నాలుగుసార్లు కడిగినా నేల మీద జిగురు పోలేదు. చెప్పు ఎత్తితే పచక్‌మని చప్పుడు.

స్టోరు చూసుకునే ఆవిడని అందరూ స్టోరక్క అంటారు. ఓనరు ఆమెకి ఆఖరి మాట చెప్పేశాడు.

"మెకానిక్ బాగుచేశానంటున్నాడు. వాడి మాట నేను నమ్మను. లోపల ఎంత చల్లగా ఉందో ఆఫీసు గదిలో ఉన్న ఈ టీవీలో నాకు అంకె కనపడాలి. సాయంత్రం లారీ నిండా కొత్త సరుకు వస్తోంది. ఆలోపు అంకె రాలేదా, నువ్వు ఇంటికెళ్లి కూర్చో."

పదకొండేళ్ల ఉద్యోగం. స్టోరక్క ఏడుపు మింగి, దాంతోపాటు కంపు కూడా మింగి, మరిదికి ఫోన్ చేసింది. మరిది కంప్యూటర్లు బాగుచేస్తాడు. పాపం వెంటనే వచ్చాడు. గేటు దగ్గర ఓసారి, మెట్ల దగ్గర ఓసారి వాంతి చేసుకుని ఆఫీసు గదిలోకి వచ్చి పడ్డాడు.

"ఫోన్లో చెప్పావే, చల్లదనం కొలిచే బుజ్జి కంప్యూటర్, అదెక్కడుంది వదినా?"

"చేపల గదిలో, గోడకి. పేకముక్కల కట్టంత ఉంటుంది. ఎవరో బిగించారు గానీ ప్రోగ్రామ్ ఎక్కించకుండానే పోయారు. వెళ్లి చూస్తావా?"

మరిది ఆ తలుపు వైపు ఒక్క చూపు చూశాడు.

"చచ్చినా వెళ్లను! చూడక్కర్లేదు కూడా. వైఫై ఉందిగా, ఇక్కణ్ణించే చేసేస్తా."

"మన వైఫై పోయి నెలైంది మరిదీ. పక్క ఐస్‌క్రీమ్ కంపెనీవాళ్లది వాడుకుంటున్నాం."

"ఏదైతేనేం. ఇవన్నీ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో పుడతాయి వదినా. ఎవరూ మార్చరు."

ముక్కులో దూది కుక్కుకుని, లాప్‌టాప్ తెరిచి, ఆ పేరు కొట్టాడు. టక్కున పలికింది.

"చూశావా! పిలవగానే పలికే పిల్ల."

ఓనరు జేబురుమాలు మొహానికి అదుముకుని వచ్చాడు. "ఏం ఎక్కిస్తున్నావయ్యా?"

"డాకర్ అండీ. ఒక్కో ప్రోగ్రామ్‌కి కావాల్సినవన్నీ సర్ది, ఒక్కో డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు. ఒకటి పాడైనా పక్కదానికి అంటదు."

"నా చేపలూ డబ్బాల్లోనే ఉన్నాయి. అన్నీ కలిసే కుళ్లాయి."

డాకర్ దిగింది. నడపబోతే, నీకు అధికారం లేదు పొమ్మంది. మరిది అధికారం ఉన్నవాళ్ల జాబితాలో తన పేరు చేర్చాడు. అయినా అదే మాట.

"ఇప్పుడేంటట?" అన్నాడు ఓనరు.

"ఓసారి బయటికెళ్లి మళ్లీ లోపలికి రావాలండీ."

ఓనరు లేచాడు. గుమ్మం దాటి, వీధిలో గుండెనిండా గాలి పీల్చుకుని, తిరిగొచ్చి కూర్చున్నాడు. "వచ్చా. కానీయ్."

"మీరు కాదండీ బాబూ! నేను. అదీ కంప్యూటర్లోంచి."

ఇంతలో పక్క ఐస్‌క్రీమ్ కంపెనీ వాచ్‌మన్ తొంగిచూశాడు. "అయ్యా, మా ఫ్రీజరు గదిలో గోడకున్న బుల్లి పెట్టె మీద పచ్చ లైటు తెగ మిణుకుతోంది. దయ్యమంటారా?"

"ఈ కంపుకి నీకు కళ్లు తిరుగుతున్నాయి. వెళ్లి మొహం కడుక్కో," అని ఓనరు తరిమేశాడు.

మరిది ఈసారి సరిగ్గా బయటికెళ్లి సరిగ్గా లోపలికొచ్చాడు. చల్లదనం కొలిచే ప్రోగ్రామ్ ఉన్న డబ్బాని దింపాడు. మూత తీశాడు. టీవీలో అంకె వెలిగింది.

మైనస్ పద్దెనిమిది!

స్టోరక్క కళ్లలోంచి నీళ్లు కారాయి. సంతోషానికో, కంపుకో తెలియలేదు.

"నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా," అన్నాడు ఓనరు. "ఒరేయ్, లారీ విప్పండి!"

హమాలీలు గేటు దగ్గర ఊపిరి బిగబట్టి, ట్రేలు ఎత్తుకుని ఒకే పరుగు. పడేసి మళ్లీ ఒకే పరుగు. ఊపిరి బిగబట్టినవాడికి లోపల చలో వేడో చూసుకునే తీరికేది? ఒకడు జిగురు మీద జారి కుళ్లునీళ్లలో బోర్లా పడ్డాడు. నోట్లోకి ఏం వెళ్లిందో ఇప్పటికీ చెప్పడు. అందరూ చెమటలు కక్కుతూ బయటపడ్డారు. అంత పరుగు పెడితే పట్టదా మరి.

లారీ ఖాళీ అయింది. తలుపు మూశారు. టీవీలో అంకె చెక్కుచెదరలేదు. ఓనరు మరిదిని కావలించుకోబోయి, చొక్కా వాసన చూసి, భుజం మాత్రం తట్టాడు.

"పదండి, ఆ బుజ్జిదాని పక్కన నిలబెట్టి మీ వదినామరుదులకి ఓ ఫోటో తీస్తా. కంపైతే కంపైంది, లోపలికి పదండి!"

ట్రేలు కడిగే పిన్ని చీపురు పక్కన పడేసి, పరుగున అడ్డమొచ్చింది.

"దానికోసం లోపలికెందుకు బాబూ, అది చేపల కంపు కొట్టి చస్తుంటే నేను నిన్ననే గోడ మీంచి పీకి, సబ్బు పెట్టి తోమి, డాబా మీద ఆరేశాను, ఇంకా తడి ఆరలేదు!"