మనవడిది ఎవరి పోలిక?

పులులమ్మాయికీ సింహాలబ్బాయికీ పెళ్ళేమిటని అడవంతా బుగ్గలు నొక్కుకుంది. "జాతులే వేరు, పిల్లలెలా పుడతారు?" అంది ఏదుపంది. ఏడాది తిరక్కుండానే మగపిల్లాడు పుట్టాడు.

అమ్మమ్మ చారలమ్మ చంటివాడి వీపు నాకి చూసుకుంది. లేత చారలు! "అంతా మా పోలికే," అని మురిసిపోయింది.

చూడ్డానికొచ్చిన నాయనమ్మ సింగమ్మ వాడి మెడ తడిమింది. "ఈ నూగు చూశారా వదినగారూ? రేపు ఇదే జూలవుతుంది. వీడు అచ్చం మావాడే."

చారలమ్మకి ఒళ్ళు మండింది గానీ, వియ్యపురాలు కదా అని పైకి నవ్వేసింది.

పిల్లాడు ఎదిగాడు. అమ్మనీ నాన్ననీ కూడా మించిపోయాడు. దుప్పిని తినేసి, మూతి తుడుచుకోకుండానే "ఇంకోటుందా?" అనేవాడు.

"ఈ ఆకలి మీ వైపుదే వదినగారూ. మా ఇంటావంటా లేదు," అంది చారలమ్మ.

"అయ్యో, మాది పదిమందీ పంచుకుతినే కొంప. ఈ కక్కుర్తి మీదే," అంది సింగమ్మ.

ఓ మధ్యాహ్నం చారలమ్మ దుప్పి తొడ ఒకటి నోట కరుచుకుని, మనవడి కంట పడకుండా దాచుకుందామని కొండరాయి వెనక్కి వెళ్ళింది. అక్కడ సింగమ్మ అప్పటికే గొయ్యి తవ్వుతోంది. పక్కనే ఇంకో తొడ.

రాతి మీంచి మనవడు తొంగి చూశాడు. దిగివచ్చి, రెండు తొడలూ తన వైపు లాక్కుంటూ అన్నాడు:

"నాది ఎవరి పోలికో ఇంకా తేలలేదు గానీ, మీ ఇద్దరిదీ మాత్రం ఒక్కటే పోలిక!"