పిప్పి లారీ

లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎప్పట్లాగే వెనక తొట్ల దగ్గర పోయమంటారా, బామ్మగారూ?" అన్నాడు. లారీ నిండా ఆవిర్లు కక్కుతున్న ఇథనాల్ ఫ్యాక్టరీ మొక్కజొన్న పిప్పి.

మా గొడ్లు కబేళాకు వెళ్లేదాకా సొంత చేలో గింజ తప్ప ముట్టవన్న సంగతి నెబ్రాస్కాలో నా నోట విననివాళ్లు లేరు. నాకు ఆ మాటిచ్చింది మా ఆయన వెర్లిన్.

"ఎన్నాళ్లుగా?" అన్నాను, పక్కనే నిలబడ్డ ఆయనతో.

వెర్లిన్ టోపీ తీసి, జవాబు అందులో రాసున్నట్టు చూశాడు. "ఏడేళ్లు. దీంతో తొందరగా కండ పడుతోందే."

"ఏడేళ్లా! ఒక్కనాడూ నోరు పెగల్లేదా?"

"మొదటి ఏడాదే చెప్పబోయాను. అందరూ ఇంటినుంచి వండి తెచ్చే చర్చి విందులో ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేశావు, గుర్తుందా? 'పిప్పి మేసిన గొడ్డు! ఇది గింజే మేపుతానని చెప్పుకునే పక్క పొలం ఎమిల్కా తెచ్చిందే' అని ఆవిణ్ణి అందరి ముందూ కడిగేశావు. బల్ల మీద పళ్లేలకు పేర్లుండవు కదా. అది మన పళ్లెం. ఇంట్లో అదే మాంసం మారు వడ్డించుకుంటావు."

ఎమిల్కా మళ్లీ విందుకు రాలేదు. మోసం బయటపడ్డాక ముఖమెలా చూపిస్తుందని, ఏడేళ్లుగా ఊరందరికీ చెబుతున్నది నేనే.