వద్దు బేటీ

"అది తీస్కోకు బేటీ."

యశోద గిరుక్కున వెనక్కి తిరిగింది.

చాంద్రాయణగుట్ట బస్తీలో పాత సామాన్ల దుకాణం. గుట్టగా పోసిన హెల్మెట్ల పక్కన గళ్ల లుంగీ కట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. చూపంతా ఆమె చేతిలోని ఎర్ర హెల్మెట్ మీదే ఉంది.

"ఎందుకు?"

"వద్దు. గంతే."

కారణం చెప్పకుండా వద్దనేవాణ్ని నమ్మకూడదని యశోద అప్పటికప్పుడే తీర్మానించుకుంది.

పెళ్లయిన ఆరేళ్లకు మొగుడితో కలిసి ఊరు దాటడం ఇదే మొదటిసారి. శనివారం పొద్దున్నే బండి మీద అనంతగిరి గుట్టలకు వెళ్లి, అక్కడే టెంటులో పడుకుని, మర్నాడు తిరిగి రావాలి. హోటల్ గదికి స్తోమత లేదు కాబట్టే టెంటు. ఆ టెంటు కూడా ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ. చీరలకు ఫాల్ కుట్టే మిషను మీద యశోదే కుట్టింది. మూడు సూదులు విరిగాయి. లోపల పడుకుని పైకి చూస్తే పెళ్లికొడుకు తలకిందులుగా నవ్వుతాడు. స్టవ్వు చెల్లెలి దగ్గర అడిగి తెచ్చారు. దుప్పట్లు అత్తవి. ఇక కావలసింది వెనక కూర్చునే మనిషికి హెల్మెట్ ఒక్కటే.

నాలుగేళ్ల అఖిలను అత్త పుష్పమ్మ దగ్గర వదిలి వెళ్తున్నారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా యశోదకు ఒకటే బెంగ.

"నాకేమన్న అయితే పిల్ల గతేంది?" అని రోజుకు పదిసార్లు అడుగుతోంది.

"గందుకే కదనే హెల్మెట్ కొంటున్నం," అని పదిసార్లూ చెబుతున్నాడు మొగుడు రామ్‌చందర్.

ఇప్పుడు అతను గొంతు తగ్గించి, "ఎవరే ఆయన?" అన్నాడు.

"దలాల్ అయ్యుంటడు. ఇది వద్దని ఇంకో దుకాణానికి గుంజుకపోతడు. లాడ్ బజార్ల గాజులు కొన్ననాడు గిట్లనే చేసిండ్రు, మర్సినవా?"

ముసలాయన రెండడుగులు దగ్గరికొచ్చాడు.

"దూరం పోతున్నరా?"

"నీకెందుకు చాచా?" అంది యశోద.

"పిల్లలున్నరా?"

"ఒక పాప," అనేశాడు రామ్‌చందర్.

యశోద అతని మోచేతిని గట్టిగా గిల్లింది. "నోరు మూస్కో! ఎటు పోతున్నరు, ఇంట్ల ఎవరున్నరు... దొంగలే గిట్ల కూపీ లాగేది."

"ఊకో, వింటడు."

"విననియ్యి. నాకేం భయం?"

ముసలాయన విన్నాడు. కోపగించుకోలేదు. గుట్టలో చెయ్యి పెట్టి, ఎండకు వెలిసి గుమ్మడికాయలా ఉన్న పసుపు హెల్మెట్ ఒకటి బయటికి లాగాడు. వేలి కణుపుతో దాన్ని టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇది తీస్కో. సూడనీకి సూరత్ మంచిగ లేదు గని, తల కాపాడ్తది."

యశోద మొగుడి వైపు వంగింది. "నిగనిగలాడేది మనకొద్దంట. బూజు పట్టింది తీస్కోవాల్నంట! మనం గిట్ల పోంగనే ఎర్రది ఆయన సంకల పెట్టుకుంటడు, సూడు."

ఇక ఆగలేక గల్లా దగ్గరికి నడిచింది. దుకాణం నడిపే అద్నాన్ ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు.

"భాయ్, గీ ముసలాయన నీ సామాన్లు కొనొద్దని గిరాకీని తరుముతున్నడు. సూస్కుంటలేవా?"

అద్నాన్ ఫోన్ పక్కన పెట్టి ముసలాయన వైపు చూశాడు.

"మళ్ల షురూ చేసినవా మహబూబ్ చాచా? ఎన్నిసార్లు చెప్పాలె? నడువు. ఇగ ఈ దిక్కు రాకు."

ముసలాయన పసుపు హెల్మెట్‌ను మెల్లగా కింద పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.

"పాప పైలం బేటీ," అని వెళ్లిపోయాడు.

యశోద ఎర్ర హెల్మెట్‌నే కొన్నది. పీడ విరగడైనట్టు ఊపిరి పీల్చుకుంది.

శుక్రవారం సాయంత్రం రామ్‌చందర్ వాకిట్లో టెంటును బండికి కడుతున్నాడు. లోపల అఖిల హెల్మెట్ నెత్తిన పెట్టుకుని మంచం మీద ఎగురుతోంది. హెల్మెట్ జారి నేల మీద పడింది. పట్టుమని మనిషెత్తు నుంచి కూడా కాదు.

ఫట్‌మని రెండు ముక్కలైంది.

ఎర్రరంగు పెచ్చులుగా లేచింది. పగిలిన అంచు పొడుగునా, గోడలకు పూసే తెల్లటి లప్పం సుద్దలా రాలింది.

"ఓయమ్మో, కొబ్బరికాయ గూడ గింత అల్కగ పల్గదు కదనే!" అంది పుష్పమ్మ.

యశోద కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. రెండు ముక్కల మధ్య తన తలే కనిపించిందామెకు.

తర్వాత లేచి, ముక్కలు సంచిలో వేసుకుని, మొగుడి వెంట దుకాణానికి వెళ్లింది.

సంచిలోకి చూడగానే అద్నాన్ మొహం మాడిపోయింది. "లొల్లి ఒద్దక్కా. దీని బదులు ఏది కావాల్నో నువ్వే తీస్కో."

యశోద హెల్మెట్ల గుట్ట వైపు చూసింది. అన్నీ నిగనిగలాడుతున్నాయి. ఒక్కదాన్ని కూడా ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"వీట్ల ఏది పల్గిందో, ఏది పల్గలేదో నాకెట్ల తెలుస్తది? ఆ చాచాను పిలువు. ఆయన ఏది చెప్తె అదే తీస్కుంట."

"ఆయన లేడు. ఆ దినమే పని ఇడిసిపెట్టి జహీరాబాద్ల బిడ్డ దగ్గరికి పోయిండు."

"పనా? గీడ పని చేసెటోడా? పైనుంచి చూసి పగులుందని ఎట్ల కనిపెట్టిండు?"

అద్నాన్ తల దించుకుని, ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

"ఆయనకు తెల్వకుంటె ఎవరికి తెలుస్తదక్కా... పగుళ్లకు లప్పం పెట్టి, గీత కనపడకుంట రంగేసింది ఆయన చేతులే కద."