తొంభై అయిదు డాలర్ల కిటికీ

హోటల్ గదిలో అడుగుపెట్టగానే అరవై ఆరేళ్ల లోర్నా మంచమెక్కి గెంతింది.

"మోకాళ్లు జాగ్రత్త," అన్నాడు భర్త ఆర్విడ్. "క్రెడిట్ కార్డుకి ఏడాదికి తొంభై అయిదు డాలర్లు కడితే, ఒక్క రాత్రి హోటల్లో ఊరికే ఉండనిస్తారు. ఇవాళ్టితో గడువైపోతుందని మన ఊరు డలూత్‌లోనే దిగాం. రేపే ఆ కార్డు మాన్పించేస్తా."

"ఆ పచ్చ ఇల్లెవరిది?" కిటికీలోంచి చూపించింది లోర్నా.

"మనదేగా."

"కాదు. ఎవరో ముసలాయనదిట. లెక్కలేసుకుంటూ కూచుంటాడుట. పెళ్లాన్ని ఎక్కడికీ తీసుకెళ్లడుట."

ఆర్విడ్ తన ఇంటికేసి చాలాసేపు చూశాడు. తర్వాత బూట్లు విప్పి, తనూ మంచమెక్కి, ఆమె చెయ్యి పట్టుకుని గెంతాడు.

"వచ్చే ఏడు వేరే ఊళ్లో దిగుదామే," అన్నాడు రొప్పుతూ. "ఆ ముసలాయన కంటబడితే, కార్డు మాన్పించమని ప్రాణం తీస్తాడు."