పచ్చ నీళ్లు

"పచ్చగా వచ్చాయి! చూడు తల్లీ, నీ కళ్లతో నువ్వే చూడు!"

హోబర్ట్ లెస్టర్ గాజు సీసా తెచ్చి సర్కారు జీపు బానెట్ మీద ఠప్పున పెట్టాడు. సీసాలో బావినీళ్లు లేత చిక్కుడాకు రంగులో ఉన్నాయి. బావుల తనిఖీకి వచ్చిన డ్రీమా సీసాకేసి చూసిందే గానీ ముట్టుకోలేదు. ఆమె వెనకాల నిలబడ్డ బొగ్గు గని కంపెనీ మనిషి మాత్రం ఫోను తీసి ఫొటో కొట్టాడు.

"ఏ రంగన్నావ్ పెద్దాయనా? మళ్లీ చెప్పు."

"పచ్చ! ఆకుపచ్చ! గని నీళ్లు ఎటు పోతున్నాయో చూడ్డానికి ఆరు వారాల కింద ఈ అమ్మాయి మీ గని నీళ్లలో పోసిన రంగు నా బావిలో తేలింది. మేం తాగేది మీ గని మురికేనని ఇంకేం రుజువు కావాలి? ఇక పట్నం నుంచి నీళ్ల పైపు వేయించాల్సింది మీరే!"

హోబర్ట్ సీసాని డ్రీమా వైపు జరిపాడు. ఆ గనిలో ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వినవాడికి ఆ నీళ్ల వాసన తెలియదా? ఆ నీళ్లతో గిన్నెలు కడిగీ కడిగీ భార్య వెర్లీ చేతులు మోచేతుల దాకా పుండ్లు పడ్డాయి. పైపు రాకపోతే ఈ చలికాలం కూడా ఆమె ఫైర్ స్టేషన్ దగ్గరి కుళాయి దాకా పోయి పాల డబ్బాల్లో నీళ్లు మోసుకురావాలి. చూడబోతే ఆ పాడు రంగు ఇన్ని వారాలైనా రాలేదు. పరీక్ష గడువు ఇవాళ్టితో ఆఖరు. రేపు గని నోటికి కాంక్రీటు పోసి మూసేస్తారు. అందుకే నిన్న బుధవారం ప్రార్థనకి వెర్లీ చర్చికి వెళ్లగానే, కేకుల్లో కలిపే పచ్చరంగు సీసాలు నాలుగూ బావిలో ఒంపేశాడు. అబద్ధమాడానని అతను అనుకోలేదు. నిజానికే కాస్త సాయం పట్టానంతే అనుకున్నాడు.

"పచ్చరంగని మీకెవరు చెప్పారు?" డ్రీమా మెల్లగా అడిగింది.

"చెప్పేదేంటి? పోయినేడు కింజర్ వాళ్ల బావిలో వచ్చింది పచ్చే కదా! వాళ్లకి పైపు పడింది కదా!"

"వాళ్లది జిల్లాకి ఆ చివర. మేం గనికో రంగు వాడతాం, హోబర్ట్ గారూ. అక్కడ పచ్చ. ఇక్కడ పోసింది ఎరుపు."

కంపెనీ మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంట్లో ఎవరిదైనా పుట్టినరోజా పెద్దాయనా? కేకు మిగిలితే మాక్కూడా ఓ ముక్క పెట్టు!"

హోబర్ట్ మొహంలో నెత్తురుచుక్క లేదు. తలెత్తి ఆ పిల్ల కళ్లలోకి చూడలేక సిగ్గుతో చచ్చిపోయాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇంకొక్కసారి పోయమ్మా. ఈసారి నేను బావి దరిదాపుల్లోకి కూడా రాను."

"రేపు మూసేసే గనిలో ఎక్కడ పోయను? పైగా బావిలో మన చేత్తో రంగు కలిపితే కేసు అక్కడితో సరి. రాయకుండా వదిలేద్దామంటే ఆయన ఫొటో తీశాడు." డ్రీమా కలం తీసింది. రాయడానికి ఆమెకి చెయ్యి రాలేదు, అయినా రాసింది.

మాటలు వినబడి వెర్లీ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎరుపన్నావా తల్లీ? సోమవారం ఈయన ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోయినప్పుడు కుళాయి తిప్పితే నీళ్లు బీట్‌రూట్ ఉడికించినట్టు ఎర్రగా వచ్చాయి. పాడు తుప్పేననుకున్నా, ఇందులో మీ పచ్చరంగు కనబడకుండా పోతుందేమోనని నేనే బావిలో బ్లీచింగు పోసి, మోటారు వేసి, చుక్క మిగలకుండా తోడి పారబోశానే!"