నూకయ్య కొట్టు నవల

"ఏటే ఇది?" అంది లక్ష్మీనరసమ్మ.

బియ్యం బానల వెనకనుంచి ఆవిడ లాక్కొచ్చిన కుండ నిండా ఆవాలున్నాయి. ఓ పెళ్ళివంట మొత్తానికి తాలింపు పెట్టినా ఇంకా మిగిలేటన్ని. పద్మకుమారి కుండ వంకా, అత్తగారి వంకా చూసింది.

"ఆవాలత్తా."

"ఆవాలని నాకూ తెలుసు. మీ మావ తెస్తానే ఉన్నాడు, నువ్వు అయిపోనాయంటానే ఉన్నావు. దాసిపెట్టి ఏటి సేస్తావు, పుట్టింటికి పంపుతావా?"

దొంగతనం ఒప్పుకోవడమా, నిజం ఒప్పుకోవడమా అని పద్మకుమారి ఆలోచించింది. ఆ ఇంట్లో దొంగతనమే కాస్త చిన్న తప్పు. కాపరానికొచ్చిన రోజున ఆమె పెట్టెలో కనిపించిన నవలల్ని మామగారు జగన్నాధం చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో తీసి, దిగబెట్టడానికొచ్చిన తండ్రి చేతికే ఇచ్చి పంపించేశాడు. ఆడవాళ్ళకి పుస్తకంతోనూ, వీధి గుమ్మంతోనూ పని లేదని ఆయన అభిప్రాయం. పద్మకుమారి భర్త ఆ అభిప్రాయానికి తలాడించాడు. ధాన్యం బేరాలు చూసుకుని వస్తూ వస్తూ, ఇంట్లోకి కావలసిన సరుకులు కూడా జగన్నాధమే తెస్తాడు.

అయినా పద్మకుమారి నిజమే చెప్పింది. తనకి కావలసింది ఆవాలు కాదు, పొట్లం కట్టిన కాగితం అంది.

వీధి చివర రీడింగు రూముకి చదివేవాళ్ళు రావడం ఎప్పుడో మానేశారు. కొన్నాళ్ళు రేడియో వినేవాళ్ళు వచ్చారు. టూరింగు టాకీసు పడ్డాక వాళ్ళూ అటు పోయారు. కమిటీ పెద్దలు బీరువాలు తలా ఒకటి ఇంటికి పట్టుకుపోయి, పుస్తకాల్ని కొట్టు నూకయ్యకి తూకానికి అమ్మేశారు. ఆనాటినుంచి కందిపప్పుకి న్యూస్ పేపరు, ఆవాలకీ జీలకర్రకీ నవల. రీడింగు రూము ఇన్నేళ్ళూ చెయ్యలేని పని నూకయ్య చేశాడు. రాజాంలో ఇంటింటికీ పుస్తకం చేరేశాడు. జనం పొట్లం విప్పుకుని, సరుకు డబ్బాలో పోసుకుని, పుస్తకాన్ని పొయ్యిలో పెడుతున్నారు.

నూకయ్య పద్ధతి గల మనిషి. ఒక నవల మొదటినుంచి చివరిదాకా చింపాకే ఇంకో నవల ముట్టుకుంటాడు. అందుకని కథ వరసలోనే వస్తోంది. పక్కిళ్ళకి పోయిన పేజీల్ని పద్మకుమారి తనే అల్లుకుంటోంది.

"ఏటి కతది?" అంది లక్ష్మీనరసమ్మ, కుండ మీద మూత పెడుతూ.

ఒక పెద్దింటి ఇల్లాలి కథ అని చెప్పింది పద్మకుమారి. ఏం తినాలో, ఎవరితో మాట్లాడాలో, ఎప్పుడు నవ్వాలో అన్నీ మొగుడే చెప్తాడు. ఒకనాడు తెల్లారకముందే లేచి, వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అక్కడికి కాగితం అయిపోయింది.

"తీసినాదా?"

"తెలీదత్తా. తరవాత కాగితం రాలేదు."

లక్ష్మీనరసమ్మ మొహం గంటు పెట్టుకుంది. ఇలాటివి రాసినోళ్ళనీ సదివినోళ్ళనీ ఒకే రాటకి కట్టాలంది. ఇకమీదట పొట్లాలు తనే విప్పుతానంది.

పద్మకుమారి చివరి ప్రయత్నంగా చారుపొడి అయిపోయిందని కబురు చేసింది. మిరియాలు, మెంతులు, జీలకర్ర, అన్నీ చిన్న పొట్లాలే. జగన్నాధం సాయంత్రం సంచీ పట్టుకొచ్చాడు. ఆయన కాళ్ళు కడుక్కుంటూంటే లక్ష్మీనరసమ్మ, భోగాపురంలో అన్నయ్యకి ఒంట్లో బాగులేదట, చూసొస్తానంది. నూర్పులు అవనీ అన్నాడాయన. కిందటిసారి ఎండలు తగ్గనీ అన్నాడు. అంతకుముందు ఊడుపులు అవనీ అన్నాడు. ఆవిడ చెంబు అందుకుని లోపలికొచ్చింది.

పొయ్యి ముందు కూచుని పొట్లాలు విప్పింది. మిరియాలది ఎక్కాల పుస్తకం, పొయ్యిలోకి పోయింది. మెంతులది వ్యవసాయం, అదీ పోయింది. జీలకర్ర కాగితం విప్పేసరికి రోలు దగ్గరున్న పద్మకుమారి చేతిలో రోకలి ఆగిపోయింది. అచ్చు సగం దాకానే ఉంది. కింద అంతా తెలుపు. ఆఖరి పేజీ.

మడతల్లో చిక్కుకున్న జీలకర్రని లక్ష్మీనరసమ్మ ఒక్కొక్క గింజే ఏరుతోంది. ఇంత పొదుపు ఆవిడ ఏనాడూ చెయ్యలేదు.

"అత్తా, ఒక్కసారి ఇలా ఇస్తావా?"

"దేనికి?"

ఆ మాటతోనే కాగితం పొయ్యిలో పడింది. నల్లబడిన కాగితం మీద అక్షరాలు ఒక్క క్షణం తెల్లగా తేలాయి. పద్మకుమారి మెడ సాచేలోగా అత్తగారు గొట్టంతో గట్టిగా ఊదేసింది.

పద్మకుమారి కోపమంతా మిరియాల మీద చూపించింది. ఇంక ఆ ఇల్లాలు గడియ మీద చెయ్యి వేసుకుని బతికినన్నాళ్ళూ అలాగే నిలబడి ఉంటుంది. తనలాగే.

మర్నాడు పొద్దున్న జగన్నాధం మంచం మీంచే చుట్టకి నిప్పు తెమ్మని కేకేశాడు. పలికినవాళ్ళు లేరు. మళ్ళీ కేకేసి, విసుక్కుంటూ లేచి వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. దండెం మీద లక్ష్మీనరసమ్మ చీరలు లేవు.

"మీ అత్తేదే?" అన్నాడు, కేకలకి లేచొచ్చిన కోడలితో.

పద్మకుమారి వీధి వాకిట్లోకి నడిచింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గుమ్మంలో ఎవరిదో మేక నిలబడి లోపలికి చూస్తోంది.

ఆఖరి పేజీలో ఏం రాసి ఉందో పద్మకుమారికి తెలిసిపోయింది.